చిన్నోడు రెంటికి వెళ్ళలేదు

పరిచిన పాత పేపరు పరిచినట్టే ఉంది. ఆయమ్మ మోకాళ్ళ మీద వంగి, ఒక చేత తడిగుడ్డ పట్టుకుని, రెండో చేత్తో పేపరు అంచు ఎత్తి అడుగున కూడా చూసింది. చెమ్మ లేదు, మరక లేదు, ఒక్క ఉండైనా లేదు. జీవితమంతా తుడవడమే పనిగా బతికిన మనిషికి తుడవక్కర్లేని నేల కనిపిస్తే ప్రాణం లేచి రావాలి. ఆయమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

కుందేలు గోడ మూలకు చేరి, వీపు ఉబ్బించుకుని, ముందుకాళ్ళు పొట్ట కిందికి లాక్కుని కూర్చుంది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట. ఒక చెవి ఎప్పుడూ నిక్కి ఉంటుంది, రెండోది ఎప్పుడూ వాలి ఉంటుంది. ఇవాళ రెండూ వాలిపోయాయి. కళ్ళు సగం మూసుకుని పళ్ళు నూరుతోంది. రాత్రి మెత్తగా మెదిపి పెట్టిన అరటిపండు గిన్నెలోనే నల్లబడింది. పక్కన గంజి మీద తెట్టె కట్టింది.

"ఏం నాన్నా, ఇవాళ కూడా రాలేదా?" అంటూ ఆయమ్మ దాని పొట్ట కిందికి అరచెయ్యి పోనిచ్చింది. పొట్ట గాలి కొట్టిన బంతిలా బిగుసుకుని ఉంది.

మంచం మీద నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "దొరగారి సంగతేంటి?"

"లేదు అత్తయ్యా. చిన్నోడు రెంటికి వెళ్ళలేదు."

"నిన్న కూడా లేదుగా!"

"నిన్నా లేదు."

మంచం కిర్రుమంది. అత్తగారు అటు తిరిగి పడుకుంది. కోపం వచ్చినా, భయం వేసినా ఆవిడ చేసే పని అదొక్కటే. ఏది ఏదో తెలుసుకోవడానికి కోడలికి చాలా ఏళ్ళు పట్టింది. ఇది భయం.

ఆయమ్మ పసిపిల్లల బడిలో ఆయా. పనులకు వెళ్ళే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని దించేసి, సాయంత్రం తీసుకుపోయే చోటు అది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు కాబట్టి వీధిలో అందరికీ, చిరాకు పడ్డప్పుడు అత్తగారికి కూడా, ఆమె ఆయమ్మే. పొట్టి మనిషి, కాస్త భారీ మనిషి. రోజంతా పిల్లల ఎత్తుకు వంగి వంగి, నిటారుగా నిలబడినా ముందుకు ఒరిగినట్టే ఉంటుంది. సబ్బు నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు ముడతలు పడిపోయాయి, గోళ్ళు పల్చగా అరిగిపోయాయి. ఆ చేత్తో పొట్ట ఇలా తడిమి, గాలో, ఆకలో, బడికి రావడం ఇష్టంలేని వేషమో చెప్పేస్తుంది.

సాయంత్రం గేటు దగ్గర పిల్లల్ని అప్పగించేటప్పుడు ఒక్కో తల్లికీ, ఒక్కో తండ్రికీ రోజంతా ఒక్క ముక్కలో చెప్పడం ఆమె పద్ధతి. తిన్నాడు, పడుకున్నాడు, రెంటికి వెళ్ళాడు. లేదంటే, వెళ్ళలేదు, రాత్రికి గోరువెచ్చటి నీళ్ళు పట్టండి. పాటలూ బొమ్మలూ టీచర్ల శాఖ, ఇది ఆయమ్మ శాఖ. ఈ శాఖలో ఆమె మాట తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకే కుందేలు విషయంలో కూడా తన అనుభవాన్నే నమ్ముకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ కుందేలు ఇంటికి వచ్చింది కూడా బడి గేటు దగ్గర నుంచే. వేరే ఊరికి మారిపోతున్న ఒక తల్లి అట్టపెట్టె పట్టుకుని వచ్చి, "మీరైతే బాగా చూసుకుంటారు" అని ఆయమ్మ చేతుల్లో పెట్టేసింది. కాదనడం ఆయమ్మకు చేతకాదు. ఇంటికి తెస్తే అత్తగారు ఒంటికాలి మీద లేచింది. "బళ్ళో ఎత్తిపోసింది చాలక ఇంటికి కూడా తెచ్చుకున్నావా?" అంది. నాలుగు రోజులు తిరిగేసరికి కుందేలు ఆవిడ ఒళ్ళో ఉంది. పనీ పాటా లేకుండా తిని కూర్చుంటాడని 'దొరగారు' అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఆయమ్మకు మాత్రం అది మొదటి నుంచీ చిన్నోడే.

అత్తాకోడళ్ళ మధ్య మాటలు కరువై చాలాకాలమైంది. పోట్లాట ఏమీ కాదు. పోట్లాడుకోవడానికైనా మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఆవిడ కొడుకు, ఈమె మొగుడు అయిన ఆ మనిషి అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. ఒక జ్వరంలో పోయాడు. పిల్లలు లేరు. కోడలు ఆయా పనికి చేరితే అత్తగారు, "పరాయి పిల్లల ముడ్లు కడిగే ఉద్యోగమా! మా ఇంటావంటా లేదు" అంది. కోడలు ఒళ్ళు కడుక్కుని వస్తే తప్ప ఆమె చేతి మంచినీళ్ళు ముట్టేది కాదు. ఆ ఉద్యోగమే ఇద్దర్నీ ఇన్నేళ్ళు పోషించింది. కాలం గడిచేకొద్దీ ఆ పట్టింపు పోయింది గాని, మాటలు మాత్రం రాలేదు. అన్నం పెట్టనా, మందు వేసుకున్నారా, తలుపు గడియ పెట్టావా. వీటితో రోజు గడిచిపోయేది.

కుందేలు వచ్చాక ఆ గదిలో కబుర్లు మొదలయ్యాయి. దొరగారు నా చెప్పు కొరికాడని ఒకరు, చిన్నోడు నన్ను చూసి గంతేశాడని ఒకరు. చెప్పు పోయినందుకు అత్తగారు తిట్టిన తిట్లకు కోడలు నవ్వు ఆపుకోలేకపోతే, కింద సైకిళ్ళ షాపతను తలెత్తి పైకి చూశాడు. ఆ మెట్ల మీదుగా నవ్వు దిగి రావడం అతను అంతకుముందు వినలేదు. కుందేలు పోతే ఆ కబుర్లూ పోతాయని ఆయమ్మకు తెలుసు. తన చేతుల్లో పోతే అత్తగారు ఇంకెప్పటికీ ఇటు తిరిగి పడుకోదని కూడా తెలుసు.

జబ్బు మొదలైంది బిస్కెట్లతో. కోడలు పనికి వెళ్ళగానే అత్తగారు తన టీ బిస్కెట్లలో సగం దొరగారికి పెట్టేది. కొన్నాళ్ళకు తెల్లవారి పేపరు మీద మామూలు పొడి ఉండలతోపాటు ఇంకోరకం కనిపించసాగాయి. నల్లగా, నిగనిగలాడుతూ, ఒకదానికొకటి అతుక్కున్న చిన్న చిన్న గుత్తులు. ముట్టుకుంటే జిగురు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. కొన్ని దాని వెనక బొచ్చుకే అంటుకుపోయేవి. ఆయమ్మ చూసీ చూడగానే విరేచనాలని తేల్చేసింది. ఆకులు మానిపించింది, గడ్డి మానిపించింది. బడిలో పిల్లలకు పెట్టినట్టే మెదిపిన అరటిపండు, పల్చటి గంజి పెట్టింది. పొద్దున్నే లేచి ఆ గుత్తుల్ని ఒక్క క్షణం కూడా నేల మీద ఉండనివ్వకుండా తుడిచేసి, గోరువెచ్చటి నీళ్ళతో వెనక కడిగి, తువ్వాలుతో అద్ది, పైన కాస్త పౌడరు కూడా వేసేది. ఎంత కడిగినా మర్నాటికి మళ్ళీ అంతే. తర్వాత పొడి ఉండలు చిన్నవైపోయి, వెంట్రుకకు గుచ్చిన పూసల్లా రాసాగాయి. తర్వాత అవీ తగ్గాయి. ఇప్పుడు అసలే లేవు.

కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, అందులో చిన్నోణ్ణి కూర్చోబెట్టుకుని ఆమె జంతువుల ఆస్పత్రికి బయల్దేరింది. పెనుగులాడితే బాగుండునని ఆశపడింది. అది పెనుగులాడలేదు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మణికట్టు మీద పిల్లి గీరిన చారలు. రాత్రంతా ఎవరి పశువుకో పురుడు పోసి వచ్చిందేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా తొందరపడకుండా పొట్ట నొక్కి చూసింది, చెవులకు గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నది. లోపల చప్పుడే లేదంది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇలాంటి ప్రశ్నలంటే ఆయమ్మకు కొట్టిన పిండి. ఎప్పుడు వెళ్ళాడు, ఏ రంగు, ఎంత గట్టి, ఏం పెట్టాను, ఎలా కడిగాను, అన్నీ వరసగా అప్పజెప్పింది.

"ఆ మెత్తటి గుత్తుల్ని ఏం చేసేవారు?" అని అడిగింది డాక్టరు.

"పడ్డవి పడ్డట్టే తీసేసేదాన్నమ్మా. ఒక్కటి కూడా ఉంచలేదు" అంది ఆయమ్మ, కాస్త గర్వంగానే.

డాక్టరు గొట్టం మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "అవి అది తినాలమ్మా."

ఆయమ్మ నవ్వబోయింది. డాక్టరు నవ్వడం లేదు.

"కుందేళ్ళు రెండు రకాలుగా వేస్తాయి. గుండ్రంగా, పొడిగా వచ్చేది మనం ఊడ్చేసేది. మెత్తగా గుత్తులుగా వచ్చేది చెత్త కాదు, సగం అరిగిన తిండి. దాని బలమంతా అందులోనే ఉంటుంది. కిందపడకముందే వంగి నోటితో అందుకుని తినేస్తుంది కాబట్టి మామూలుగా మన కంటపడదు. మీకు కనపడ్డాయంటే తీపీ పిండీ ఎక్కువయ్యాయన్నమాట. అప్పుడు గడ్డి ఎక్కువ పెట్టాలి. మీరు అదే మానిపించారు. ఇప్పుడు లోపల కదలిక ఆగిపోయింది."

"పిల్లలకైతే అలాగే చేస్తామమ్మా..."

"పిల్లలకైతే కరెక్టే. ఇది కుందేలమ్మా."

ఆ మాట డాక్టరు మెత్తగానే అంది. ఆయమ్మ, ఎన్ని పొద్దుటిపూటలు ఆ నోటి దగ్గర కూడు లాక్కున్నానో అనుకుంటూ తన చేతుల వంక చూసుకుంది. ఎవరికీ ఎన్నడూ చెడు చెయ్యని చేతులు అవి. వాటి శుభ్రం గురించి ఆమెకు లోలోపల ఉన్న గొప్ప అంతా అక్కడే, ఆ రేకు బల్ల దగ్గరే దిగిపోయింది.

డాక్టరు నొప్పికీ, కదలికకూ సూదులు వేసింది. మెత్తగా పొడి చేసిన గడ్డిని నీళ్ళలో కలిపి, సూదిలేని సిరంజీతో బుగ్గ పక్కనుంచి ఎలా పట్టాలో చూపించింది. కొంచెం కొంచెంగా పట్టాలి, పొట్ట నెమ్మదిగా రాయాలి, మధ్య మధ్య నేల మీద వదిలి నడిపించాలి.

"సాయంత్రానికి ఉండలు పడితే గట్టెక్కినట్టే. పడ్డవి ఊడ్చెయ్యకండి, చూడాలి. ఎంత పెద్దగా ఉన్నాయో దాన్నిబట్టి చెప్పొచ్చు."

"పడకపోతేనో?"

డాక్టరు చేతులు కడుక్కుంటూ, "పడాలనే అనుకుందాం" అంది.

ఆవేళ సెలవు పెట్టే వీలు లేదు. రెండో ఆయా పురిటికి వెళ్ళింది. బడిలోకి జంతువుల్ని రానివ్వరు. మిగిలింది అత్తగారే. ఒంట్లో బలంలేక కుర్చీ నుంచి మంచానికి, మంచం నుంచి కుర్చీకి మాత్రమే నడిచే మనిషి. ఇలాంటి పని జన్మలో చెయ్యలేదు. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు కూడా ఈ చాకిరీ అంతా ఆవిడ తల్లే చేసిందట. ఆ సంగతి ఆవిడే గొప్పగా చెప్పుకునేది.

ఆయమ్మ కిటికీ పక్క కుర్చీలో అత్తగారిని కూర్చోబెట్టి, ఒళ్ళో పాత తువ్వాలు పరిచి, దాని మీద కుందేలును పెట్టింది. కిటికీ గట్టు మీద గడ్డిజావ గిన్నె, సిరంజీ ఉంచింది. డాక్టరు చెప్పిందంతా చెప్పింది. తుడిచిన సంగతి కూడా దాచలేదు.

"నేనే కడిగి కడిగి వాణ్ణి ఈ గతికి తెచ్చాను అత్తయ్యా."

అత్తగారు కుందేలు వాలిన చెవిని వేళ్ళ మధ్య పెట్టుకుని సాగదీసింది. తిట్టబోతోందనుకుంది కోడలు.

"బిస్కెట్లు పెట్టింది నేను" అంది అత్తగారు.

"నాకు తెలుసు. ఒళ్ళో పొడి రాలి ఉండేది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మీరు సంతోషంగా ఉన్నారు కదా అని."

అత్తగారు సిరంజీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీన్ని ఎటు పట్టుకోవాలో చూపించి వెళ్ళు. బడికి ఆలస్యమైతే మళ్ళీ నన్ను అంటావు."

బడిలో ఆ రోజు అన్ని రోజుల్లాంటిదే. పిల్లలు ఏడుస్తూ వచ్చారు, తల్లులు మలుపు తిరగగానే ఏడుపు మానేశారు. ఆయమ్మ చిన్న చిన్న చెప్పుల్ని జతలుగా పేర్చింది. పాలు కాచింది, మూతులు తుడిచింది. ఒకడు జేబులో రాళ్ళు తెచ్చుకుంటే తీసి దాచిపెట్టింది. తర్వాత పిల్లలు రెంటికి కూర్చునే ప్లాస్టిక్ కుర్చీల వరస దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఒక పిల్ల ముఖం ఎర్రగా చేసుకుని, రెండు పిడికిళ్ళూ బిగించి కూర్చుని ఉంది. ఆ పిల్లకు ఎప్పుడూ ఆలస్యమే.

"వస్తుంది తల్లీ. తొందరేం లేదు. నెమ్మదిగా రానీ" అంది ఆయమ్మ, పిల్ల పొట్ట మీద గుండ్రంగా రాస్తూ. ఆ మాట ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియలేదు. పిల్లకు పని అయిపోయి, లేచి నిలబడి, "చూడు!" అని విజయోత్సాహంతో అరిస్తే ఆయమ్మ కళ్ళు చెమర్చాయి. పిల్ల కంగారుపడింది. అది చేసిన ఘనకార్యానికి ఇంతకుముందు ఎవరూ ఏడవలేదు.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక వంటింటి వెనక్కి వెళ్ళి సైకిళ్ళ షాపతనికి ఫోన్ చేసింది. అతను గ్రీజు చేతుల్తోనే మెట్లెక్కి ఫోన్ అత్తగారికి ఇచ్చాడు. ఆవిడ ఫోనులో ఎప్పుడూ అరిచే మాట్లాడుతుంది.

"ఏమే, ఏంటి?"

"అయిందా అత్తయ్యా?"

"నాకా, దొరగారికా?"

"అబ్బా, చిన్నోడికే."

"నన్నెప్పుడైనా ఇంత ఆత్రంగా అడిగావా?" వెనక షాపతను నవ్వడం వినపడింది. "ఇంకా లేదు. నోట్లో పోస్తే సగం వాడికి, సగం నా ఒంటికి. మూతి బిగబట్టేస్తాడు. అచ్చం నీ మొగుడే. చిన్నప్పుడు మందంటే చాలు..." అని ఆగిపోయింది.

ఆయమ్మ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. కొడుకు ఊసు ఆవిడ నోట వచ్చి ఎన్నాళ్ళయిందో. "చిన్నప్పుడు ఏం చేసేవారు?" అంది నెమ్మదిగా.

"తలగడ కింద ఉమ్మేసి వచ్చేవాడు. సాయంత్రం చెప్తాలే, ఫోనులో ఎందుకు? చాలా ఉన్నాయి."

"పొట్ట రాస్తున్నారా?"

"రాస్తూనే ఉన్నా. చెయ్యి లాగేస్తోంది. నువ్వు రోజూ ఇంతమందికి ఎలా చేస్తావే?"

ఆ ప్రశ్న ఆయమ్మను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. కాసేపు ఆగి రాయండి అని చెప్పి ఫోన్ పెట్టేసింది. సంతోషమే వేసింది ఆమెకు. కుందేలు ఇంకా బాగుపడలేదని గుర్తొచ్చి, ఇప్పుడు సంతోషించడం తప్పేమో అనుకుంది.

సాయంత్రం గేటు దగ్గర ఆమె మనసు మనసులో లేదు. ఒక తండ్రి కొడుకును భుజానికెత్తుకుని, "ఎలా ఉన్నాడు ఆయమ్మా?" అంటే, "బానే ఉన్నాడు బాబూ, గడ్డే సరిగా తినలేదు" అంది. ఆయన కొడుకు ముఖంలోకి చూశాడు. వాడు "నేను తిన్నా" అన్నాడు. గేటు దగ్గర అందరూ పగలబడి నవ్వారు. ఆయమ్మ సిగ్గుపడి, తనూ నవ్వి, ఆఖరి పిల్లను అప్పగించగానే గేటుకు తాళం వేసి ఆస్పత్రి వైపు గబగబా నడిచింది.

డాక్టరు లేదు. మందులిచ్చేతను ఎండుగడ్డి మోపు కట్టి ఇచ్చాడు. అది ఆమె ఛాతీ అంత వెడల్పుంది. రెండు చేతుల్తో కావలించుకుని నడుస్తుంటే గడ్డి పరకలు మెడలో గుచ్చుకున్నాయి. దారిలో ఎవరో, "ఆయమ్మా, గేదెను కొన్నావా?" అని అడిగారు. దొరగారికి విందు అని చెబుదామనుకుంది గాని ఆగే ఓపిక లేక తల ఊపి ముందుకు సాగింది.

షాపతను సైకిలు చక్రం తిప్పుతూ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఇందాక పెద్దమ్మ కిటికీలోంచి పిలిచింది. నువ్వొచ్చావా అని."

"ఎందుకంట?"

"నేనూ అదే అడిగా. 'నీకు చెప్పను, దానికే చూపిస్తా' అంది. ఒకటే నవ్వు. ఆవిడ అలా నవ్వుతుందని నాకు తెలీదక్కా."

ఇంకేం వినలేదు ఆయమ్మ. గడ్డి రాలుతున్నా చూసుకోకుండా మెట్లెక్కింది. "అత్తయ్యా, అయిందా? పెద్దవా, చిన్నవా?" అని మెట్ల మీద నుంచే అరిచింది.

తలుపు తీసే ఉంది. గదిలోకి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. అత్తగారు కుర్చీలోనే, తల వెనక్కి ఆనించి, ముఖం తలుపు వైపు పెట్టుకుని కూర్చుంది. కుందేలు కింద ఉంది. ఒక చెవి నిక్కి ఉంది. అది ఆయమ్మను చూసి కాదు, గడ్డిని చూసి గెంతుతూ వచ్చింది. మోపు కింద పెట్టగానే ఒక పరక లాక్కుని కరకర నమలసాగింది. పరక కొస మూతి బయట పైకీ కిందికీ ఊగుతూ లోపలికి పోయింది.

"తింటున్నాడు అత్తయ్యా! చూడండి, ఎలా తింటున్నాడో!" అంది ఆయమ్మ నేల మీద చతికిలబడి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "మీరు బతికించారు వాణ్ణి."

జవాబు లేదు. పడుకుందనుకుంది. అలసిపోయి ఉంటుంది పాపం అనుకుంది. గడ్డి పరకలు దులుపుకుని లేచి దగ్గరికి వెళ్ళి, పడుకున్న పిల్లల్ని చూసే అలవాటుకొద్దీ ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది.

తర్వాత పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. చెయ్యి ఇంకా పూర్తిగా చల్లబడలేదు. వేళ్ళ సందుల్లో గడ్డిజావ పచ్చగా ఎండిపోయి ఉంది, గోళ్ళలో కూడా ఉంది. కొడుకు చిన్నప్పటి కబుర్లన్నీ ఆవిడతోనే వెళ్ళిపోయాయి. "సాయంత్రం చెప్తానన్నారుగా అత్తయ్యా" అంది ఆయమ్మ, అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు. అప్పుడు ఏడవడానికి అత్తగారు ఉంది, ఓదార్చడం తన వంతైంది.

కిందనుంచి షాపతను, "అక్కా, అంతా బానే ఉందా?" అని పిలుస్తున్నాడు. కుందేలు ఇంకో పరక లాక్కుంది.

ఆయమ్మ తలెత్తింది. అత్తగారి ముక్కు మీద కళ్ళద్దాలు ఉన్నాయి. పేపరు చదవడం మానేశాక ఆవిడ వాటిని పెట్టుకోవడమే మానేసింది. లేచి వెళ్ళి గిన్నె తెచ్చుకునే ఓపికలేక కాబోలు, వాటి పెట్టెనే గిన్నెగా వాడుకుంది. కిటికీ గట్టు మీద కళ్ళద్దాల పెట్టె తెరిచి ఉంది. లోపలి నీలం మఖమలు గుడ్డ మీద కుందేలు ఉండలు, ఒకదాన్నొకటి తాకకుండా, చిన్నవి ముందు, పెద్దవి తర్వాత, గుండ్రంగా, పొడిగా, వరసగా పేర్చి ఉన్నాయి.